జీఎస్టీ నంబరు లేదంటే పని లేదా?

"జీఎస్టీ నంబరు ఉందా తమ్ముడూ? లేదా? అయితే తీసుకొని రా, అప్పుడు మాట్లాడుకుందాం."

ఆలంగుళం చుట్టుపక్కల మన పిల్లలు ఈ మధ్య తరచుగా వింటున్న మాట ఇది. ఈ మాట అనేది శివకాశి ప్రెస్సు కావచ్చు, కోవిల్‌పట్టి వ్యాపారి కావచ్చు, చెన్నైలోని ఏజెన్సీ కావచ్చు. చెప్పడానికి బాధగా ఉన్నా చెప్పాలి, మన సంఘాలు నడిపే బడి కూడా కావచ్చు. వినేవాళ్లు మాత్రం ఒకే రకం మనుషులు. నిన్నమొన్న డిగ్రీ ముగించి, ఇంట్లో ఒక మూల కంప్యూటరు పెట్టుకొని, క్యాలెండర్లు, లేబుళ్లు, పెళ్లి పత్రికలు డిజైన్ చేసుకుంటున్నవాళ్లు. వీడియో ఎడిటింగు, అనువాదం, టైపింగు చేసుకుంటున్నవాళ్లు. నెలకు 20 వేలు వస్తే మంచి నెల, 30 వేలు వస్తే పండుగ.

ఇలాంటివాళ్లు స్వచ్ఛందంగా జీఎస్టీలో నమోదు కావాలా? మా యువజనుల కూడికలో ఈ ప్రశ్న మళ్లీ మళ్లీ వస్తోంది. మా జవాబు సూటిగా చెబుతున్నాం. చట్టం అడగనంత వరకు వద్దు. అడిగిన రోజున ఒక్క రోజు కూడా ఆలస్యం చేయవద్దు. ఈ రెండు మాటల మధ్య మన పిల్లల మీద ఎవరెవరో మోపుతున్న బరువు ఒకటి ఉంది. దాని గురించే ఈ వ్యాసం.

ఈ సీమ గురించి తెలియనివారికి రెండు మాటలు. ఆలంగుళం విరుదునగర్ జిల్లాలో ఉంది. తమిళనాడు ప్రభుత్వ సిమెంటు ఫ్యాక్టరీ ఉన్న ఊరు. ఒక పక్క శివకాశి, ఒక పక్క రాజపాళయం, దక్షిణాన కోవిల్‌పట్టి. ఈ నేల మీద తెలుగు ఇళ్లు తరతరాలుగా ఉన్నాయి. నాయుళ్లు, రాజపాళయం రాజులు, రెడ్డియార్లు, అన్నిటికంటే వెనక్కి నెట్టబడిన అరుంధతీయుల వాడలు. కోవిల్‌పట్టి దగ్గర ఇడైసెవల్‌లో పుట్టి, తమిళంలో రాసి, 1991లో సాహిత్య అకాడెమీ అవార్డు అందుకున్న కి. రాజనారాయణన్ గారి ఇంటి భాష కూడా తెలుగే. ఇక్కడి పిల్లలకు ఇంట్లో తెలుగు, బడిలో తమిళం, జీఎస్టీ పోర్టల్‌లో ఇంగ్లీషు. మూడో భాషలో ఏం సంతకం పెడుతున్నామో తెలియకుండానే బటన్ నొక్కేస్తున్నారు.

ఇంకో సంగతి. ఈ ప్రాంతానికి అగ్గిపెట్టెల పరిశ్రమ నేర్పిన పాఠం ఒకటుంది. పెట్టెలు అంటించే పని ఫ్యాక్టరీలో కాకుండా ఇళ్లకు వచ్చేది. ఇల్లు మనది, దీపం మనది, వెన్నునొప్పి మనది, కొన్ని ఇళ్లలో చదువు మానిన పిల్లల చేతులు కూడా మనవే. యజమాని లెక్కలో మాత్రం ఇన్ని పెట్టెలకు ఇంత అనే పీసు రేటు ఒక్కటే ఉండేది. ఇంట్లో కూర్చొని చేసే పనికి ఖర్చంతా చేసేవాడి నెత్తిన పడటం మన పెద్దలు చూసినదే. ఫ్రీలాన్స్ అనే కొత్త పేరుతో పిల్లలు చేస్తున్నదీ పీసు రేటు పనే. ఈసారి ఇంటికి వచ్చిన బరువు పన్ను వసూలు చేసే పని.

చట్టం ఏమంటోంది?

జీఎస్టీ 2017 జూలై 1న వచ్చింది. సేవలు అందించేవారి ఏడాది టర్నోవరు 20 లక్షల రూపాయలు దాటితేనే నమోదు తప్పనిసరి. అంటే నెలకు సగటున లక్షా 66 వేలు. డిజైనింగు, అనువాదం, ఎడిటింగు, ప్రోగ్రామింగు అన్నీ సేవలే. నెలకు 30 వేలు వచ్చే మనిషి ఆ గీతకు ఎంత దూరంలో ఉన్నాడో వేరే చెప్పక్కర్లేదు.

"పక్క రాష్ట్రానికి పని చేస్తే ఒక్క రూపాయికైనా జీఎస్టీ కావాలట కదా?" అని చాలామంది అడుగుతారు. మొదటి మూడు నెలలు ఆ నిబంధన నిజంగానే ఉండేది. 2017 అక్టోబరు 13న కేంద్రం దాన్ని సడలించింది. సేవలైతే వేరే రాష్ట్రానికి అందించినా 20 లక్షల దాకా నమోదు అక్కర్లేదు. హైదరాబాదు పత్రికకు ఆలంగుళం నుంచి అనువాదం చేసి పంపే అమ్మాయికి ఇది వర్తిస్తుంది. ఆన్‌లైన్ వేదికల ద్వారా సేవలు అమ్మేవారికీ అదే హద్దు అని అదే ఏడాది నవంబరు 15న మరో నోటిఫికేషన్ వచ్చింది.

సరుకుల విషయం వేరు, కలపవద్దు. తమిళనాడులోనూ ఆంధ్రప్రదేశ్‌లోనూ సరుకులు అమ్మేవారికి 2019 ఏప్రిల్ 1 నుంచి హద్దు 40 లక్షలు. కానీ పన్ను ఉన్న సరుకును వేరే రాష్ట్రానికి అమ్మితే, చేతివృత్తుల వంటి కొన్ని మినహాయింపులు తప్ప, మొదటి అమ్మకం నుంచే నమోదు కావాలి. కోవిల్‌పట్టి కడలై మిఠాయిని బెంగళూరుకు పంపి అమ్మాలనుకునే తమ్ముడు ఈ వ్యాసం చూసి నంబరు అక్కర్లేదనుకోకూడదు. మేము చెబుతున్నది సేవల గురించే.

హద్దు లోపల ఉన్నవారు ఇష్టపడి నమోదు కావచ్చని కేంద్ర జీఎస్టీ చట్టం 25వ సెక్షన్ 3వ ఉపసెక్షన్ చెబుతోంది. మెలిక దాని తర్వాతే ఉంది. ఇష్టంతో నమోదైనా, తప్పనిసరై నమోదైనా చట్టం దృష్టిలో ఇద్దరూ ఒక్కటే. నమోదైన రోజు నుంచి 20 లక్షల మినహాయింపు పోతుంది. మొదటి రూపాయి మీదే పన్ను వేయాలి. మన పనుల్లో చాలావాటికి అది 18 శాతం. పని ఉన్నా లేకున్నా రిటర్నులు వేయాలి. నెలవారీ పద్ధతిలో ఏడాదికి 24, మూడు నెలల పద్ధతిలో 8.

శివకాశి పని కాలాన్ని బట్టి వస్తుంది. ఆడి పద్దెనిమిదికి కొత్త క్యాలెండర్ల ఆల్బమ్‌లు వస్తాయి, అక్కడి నుంచి డిసెంబరు దాకా తీరిక ఉండదు. ఆ తర్వాత చేతిలో పని లేని నెలలు. ఆ నెలల్లో కూడా రిటర్ను వేయాల్సిందే. సున్నా రిటర్ను ఎస్సెమ్మెస్ ద్వారా పంపే వీలు 2020 నుంచి ఉంది, అది మంచిదే. కానీ మరిచిపోతే రోజుకు 20 రూపాయల లేటు ఫీజు, ఒక్కో రిటర్నుకు 500 దాకా. వ్యాపారం జరిగిన కాలానిదైతే రోజుకు 50, చిన్నవారికి ఒక్కో రిటర్నుకు 2,000 దాకా. కట్టాల్సిన పన్ను ఆలస్యమైతే ఏడాదికి 18 శాతం వడ్డీ వేరే.

లోపలికి పోయే తలుపు ఇప్పుడు ఇంకా వెడల్పయింది. 2025 నవంబరు 1 నుంచి చిన్నవారికి మూడు పనిదినాల్లో నమోదు ఇచ్చే పద్ధతి వచ్చింది. బయటికి వచ్చే తలుపు అంత సులువు కాదు. వేయని రిటర్నులన్నీ వేయాలి, మిగిలిన సరుకు మీద, యంత్రాల మీద తీసుకున్న క్రెడిట్ లెక్క కట్టి తిరిగి ఇవ్వాలి, రద్దయ్యాక మూడు నెలల్లో చివరి రిటర్ను వేయాలి.

లెక్క వేద్దాం

"క్రెడిట్ వస్తుంది కదా, లాభమే" అనే వాదన ఉంది. మాటలతో కాకుండా లెక్కతో చూద్దాం.

నెలకు 30 వేలు సంపాదించే ఒక డిజైనర్ అక్కను తీసుకుందాం. ఏడాదికి 3,60,000. ఆమె కొన్న ల్యాప్‌టాప్ 50,000, పన్ను 9,000. ఇంటర్నెట్ నెలకు 700, పన్ను 126, ఏడాదికి 1,512. సాఫ్ట్‌వేర్ చందా నెలకు 1,000, పన్ను 180, ఏడాదికి 2,160. మొత్తం క్రెడిట్ మొదటి ఏడాది 12,672. రెండో ఏడాది ల్యాప్‌టాప్ ఉండదు కనుక 3,672.

ఇక్కడ చాలామంది ఆడిటర్లు చెప్పని మాట ఒకటి ఉంది. స్వచ్ఛందంగా నమోదైనవారికి నమోదుకు ముందు రోజున చేతిలో ఉన్న ముడిసరుకు మీద క్రెడిట్ వస్తుంది. అంతకు ముందే కొన్న యంత్రాల మీద రాదు. మన అక్క ల్యాప్‌టాప్ ముందే కొనుక్కుంది. ల్యాప్‌టాప్ లేకుండా ఏ డిజైనరూ పని మొదలుపెట్టరు కదా. అంటే ఆ 9,000 లేనట్టే.

ఇక కట్టాల్సింది చూద్దాం. ఆమె దగ్గర పని చేయించుకునేవాళ్లు పెళ్లివారు, చిన్న దుకాణాలు, గ్రామ సంఘాలు. పెళ్లి పత్రికకు 18 శాతం ఎక్కువ ఇవ్వమంటే పక్క వీధికి పోతారు. కాబట్టి పాత రేటులోనే పన్ను కలిపి తీసుకోవాలి. 3,60,000లో పన్ను భాగం 54,915. ల్యాప్‌టాప్ క్రెడిట్ కూడా దొరికిందనే అనుకొని 12,672 తీసేసినా చేతి నుంచి 42,243 పోతుంది. రిటర్నులు వేసేవారికి నెలకు 500 అనుకుంటే ఇంకో 6,000. మొత్తం 48,243. నెలన్నర కష్టం అంతా అక్కడికే. రెండో ఏడాది అది 57,243 అవుతుంది, దాదాపు రెండు నెలల సంపాదన.

పని చేయించుకునేవారు రేటుకు పైన పన్ను విడిగా ఇస్తే ఈ నష్టం ఉండదు, నిజమే. కానీ అలా ఇస్తున్నవారు ఎందరు?

రేటు కోతకు కొత్త పేరు

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. "నంబరు లేకుంటే మాకు నష్టం" అని పని ఇచ్చేవారు అంటారు. ఆ నష్టం ఎక్కడుందో చూద్దాం.

జీఎస్టీ ఉన్న ప్రెస్సు ఒకటి 10,000 రూపాయల డిజైను చేయించుకుంది. డిజైనర్‌కు నంబరు లేదు. ప్రెస్సు 10,000 ఇస్తుంది, దానికి అయిన ఖర్చు 10,000. అదే డిజైనర్‌కు నంబరు ఉండి పన్ను పైన వేస్తే ప్రెస్సు 11,800 ఇస్తుంది, 1,800 క్రెడిట్ తీసుకుంటుంది, ఖర్చు మళ్లీ 10,000. రెండూ ఒక్కటే. నంబరు లేని మనిషి దగ్గర చేయించుకున్నందుకు ప్రెస్సు ఒక్క రూపాయి కూడా పోగొట్టుకోలేదు.

మరి పట్టుదల ఎందుకు? మూడో లెక్క చూడండి. "నంబరు తెచ్చుకో, రేటు మాత్రం అదే, పన్నుతో కలిపి పదివేలు" అంటారు. అప్పుడు డిజైనర్ 1,525 రూపాయలు ప్రభుత్వానికి కట్టాలి. అదే 1,525ను ప్రెస్సు క్రెడిట్‌గా తీసుకుంటుంది. డిజైనర్‌కు మిగిలేది 8,475. ప్రెస్సుకు అయిన ఖర్చు కూడా 8,475. ప్రభుత్వ ఖజానాకు నికరంగా చేరింది సున్నా. పిల్లవాడి జేబులోంచి 1,525 రూపాయలు ప్రెస్సు జేబులోకి చేరాయి, చట్టం పేరు చెప్పి. దీన్ని మేము రేటు కోత అంటున్నాం. పన్ను అనడానికి మాకు నోరు రావడం లేదు.

డబ్బు చేతికి వచ్చే సమయం కూడా చూడండి. సేవల మీద పన్ను బాధ్యత బిల్లు తేదీతోనో డబ్బు అందిన తేదీతోనో, ఏది ముందైతే దానితో మొదలవుతుంది. పనివాడు సెప్టెంబరులో బిల్లు వేస్తే అక్టోబరులో పన్ను కట్టాలి, ప్రెస్సు డబ్బు ఇచ్చినా ఇవ్వకున్నా. పని చేయించుకున్నవారు మాత్రం బిల్లు డబ్బు ఇవ్వకుండానే క్రెడిట్ తీసుకొని 180 రోజుల దాకా నిశ్చింతగా ఉండవచ్చు. సంక్రాంతి దాటినా బాకీ వసూలు కాని మనిషి అప్పు చేసి పన్ను కట్టాలి.

కొందరు వ్యాపారులు మోసం చేయాలని కాదు, భయంతో అడుగుతారు. ఆ భయానికి మూలం ఉంది. 2017 జూలైలో, నమోదు లేనివారి దగ్గర కొంటే కొన్నవారే పన్ను కట్టాలనే నిబంధన అమల్లో ఉండేది. 2017 అక్టోబరు 13న దాన్ని ఆపేశారు. 2019 ఫిబ్రవరి 1 నుంచి ప్రభుత్వం ప్రత్యేకంగా పేర్కొన్న కొన్ని వర్గాలకే, ముఖ్యంగా కట్టడాల ప్రమోటర్లకే, పరిమితం చేశారు. నిబంధన పోయింది, భయం మాత్రం ఆడిటర్ల బల్లల మీద మిగిలిపోయింది. ఆ భయానికి జరిమానా మన పిల్లలు కడుతున్నారు.

ఎదుటివారి మాటలు

"నంబరు ఉంటే మర్యాద, పెద్ద కంపెనీ అనుకుంటారు" అంటారు. మర్యాద పనితనంతో, చెప్పిన రోజుకు ఇవ్వడంతో వస్తుంది. కాగితం మీద గుర్తింపు కావాలంటే ఉద్యం నమోదు ఉంది. ఆధార్, పాన్ ఉంటే చాలు, పైసా ఖర్చు లేదు, జీఎస్టీ తప్పనిసరి కానివారికి జీఎస్టీ నంబరు అడగరు. పైగా 2006 నాటి చిన్న పరిశ్రమల చట్టం కింద, నమోదు తర్వాత చేసిన పనికి పని ఇచ్చినవారు ఎంత ఎక్కువైనా 45 రోజుల్లో డబ్బు ఇవ్వాలి. ఆలస్యమైతే రిజర్వు బ్యాంకు రేటుకు మూడింతల వడ్డీ. మన పిల్లలకు ముందు కావాల్సింది ఈ నంబరు. జీఎస్టీ నంబరు అడిగేవారు ఉద్యం నంబరు గురించి ఎందుకు మాట్లాడరో ఆలోచించండి.

"పన్ను కట్టడం దేశభక్తి, క్రైస్తవులు ముందుండాలి" అంటారు. ఈ మాటను మేము తేలిగ్గా తీసుకోవడం లేదు. ఎవరికి చెల్లించాల్సిన పన్ను వారికి చెల్లించాలన్నది మన నమ్మకం, కైసరు నాణెం సంగతి బడి పిల్లలకూ తెలుసు. కానీ జీఎస్టీ మన కానుక కాదు. మన దగ్గర కొనేవారి నుంచి వసూలు చేసి ఖజానాకు అప్పగించే పన్ను. స్వచ్ఛంద నమోదు అంటే మనం ఎక్కువ ఇవ్వడం కాదు, జీతం లేని వసూలుదారుగా కూర్చోవడం. లేవిని యేసు పిలిచింది సుంకపు మెట్టు దగ్గర నుంచి. మనల్ని ఎవరూ పిలవకుండానే మనం వెళ్లి ఆ మెట్టు మీద కూర్చుంటున్నాం. సుంకరి పని పాపమని మేము అనడం లేదు. బాప్తిస్మం కోసం వచ్చిన సుంకరులను యోహాను పని మానమనలేదు, నిర్ణయించిన దానికి మించి తీసుకోవద్దన్నాడు, అంతే. అదే మా మాట కూడా. నిర్ణయించిన హద్దు 20 లక్షలు.

పైగా నంబరు లేని పనివాడు పన్ను కట్టడం లేదనడం అబద్ధం. ల్యాప్‌టాప్ మీద, ఇంటర్నెట్ మీద, ఫోను మీద 18 శాతం కడుతున్నాడు, ఒక్క రూపాయి తిరిగి తీసుకోకుండా.

"చిన్నవారికి 6 శాతం కాంపోజిషన్ పథకం ఉంది కదా" అనేవారూ ఉన్నారు. 50 లక్షల లోపు సేవలకు అది ఉంది. ఆ 6 శాతం బిల్లులో వేయకూడదు, చేతి నుంచి కట్టాలి. క్రెడిట్ రాదు. వేరే రాష్ట్రానికి సేవలు అందించకూడదు. 20 లక్షలు దాటినవారికి అది ఉపయోగపడవచ్చు. దాటనివారు ఏమీ కట్టక్కర్లేని చోట 6 శాతం కట్టడానికి కారణం మాకు కనిపించడం లేదు.

ఇంకొకటి ఆడపిల్లల తల్లిదండ్రులు తెలుసుకోవాలి. జీఎస్టీ నంబరు వెతికితే వ్యాపార చిరునామా ఎవరికైనా కనిపిస్తుంది. ఇంట్లో పనిచేసే అమ్మాయికి అది ఇంటి చిరునామాయే. అద్దె ఇల్లయితే యజమాని అంగీకార పత్రం కావాలి. పట్టా లేని వాడల్లో ఉండేవారికి ఆ కాగితాలే ఒక పెద్ద గండం.

ఎవరు తీసుకోవాలి?

గుడ్డిగా వద్దనడం కూడా తప్పే. కొందరు తీసుకోవాలి, కొందరు తప్పక తీసుకోవాలి.

ఏడాది మొత్తం 20 లక్షలు దాటుతున్నవారు తప్పక తీసుకోవాలి, బాధ్యత మొదలైన 30 రోజుల్లో దరఖాస్తు చేయాలి. 15 లక్షలు దాటగానే నెలనెలా లెక్క చూసుకోండి. ఒకే పాన్ మీద వచ్చే అన్ని వ్యాపారాల మొత్తం, విదేశాల పని కూడా, ఆ లెక్కలోకి వస్తుంది.

విదేశీ కంపెనీలకే పని చేస్తూ ఇక్కడ యంత్రాలకు, అద్దెకు బాగా పన్ను కడుతున్నవారు ఆలోచించవచ్చు. ఎగుమతి సేవలకు సున్నా రేటు, హామీ పత్రం ఇచ్చి పన్ను లేకుండా బిల్లు వేసి, కట్టిన పన్ను వాపసు అడగవచ్చు.

పని ఇచ్చేవారందరూ జీఎస్టీ ఉన్న సంస్థలే అయి, రేటుకు పైన పన్ను విడిగా ఇస్తామని కాగితం మీద రాసి ఇస్తే అప్పుడు కూడా ఆలోచించవచ్చు. రాసి ఇవ్వాలి, నోటి మాట చాలదు.

టీడీఎస్ దీనికి సంబంధం లేనిది. పని ఇచ్చినవారు పట్టుకొనే ఆ మొత్తం ఆదాయపు పన్నులో జమ అవుతుంది, ఎక్కువైతే రిటర్ను వేసి వెనక్కి తీసుకోవచ్చు. జీఎస్టీ నంబరు లేకున్నా ఆదాయపు పన్ను రిటర్ను వేయండి. బ్యాంకు రుణానికి కూడా అదే మొదటి సాక్ష్యం.

మన వైపు తప్పులు

పెద్దవారిని విమర్శించి మన తప్పులు దాచుకుంటే ఈ రాతకు విలువ లేదు. నంబరు లేని మనిషి బిల్లులో జీఎస్టీ అని రాసి డబ్బు తీసుకోవడం నేరం. "అన్న నంబరు మీద బిల్లు వేయి, తర్వాత చూసుకుందాం" అనేది ఈ ప్రాంతంలో మామూలు మాటైపోయింది. ఒకరు చేసిన పనికి ఇంకొకరు బిల్లు ఇవ్వడం తప్పుడు బిల్లు, దానికి జరిమానా కనీసం 10,000 రూపాయలు. 20 లక్షలు దాటకుండా ఉండటానికి తమ్ముడి పాన్ మీద, భార్య పాన్ మీద సగం సగం చూపడం కూడా అబద్ధ సాక్ష్యమే. మినహాయింపును హక్కుగా అడిగేవారు నిజాయితీగా ఉంటేనే ఆ హక్కు నిలుస్తుంది.

ఆధార్, పాన్ నకళ్లను ఎవరికీ ఊరకే ఇవ్వవద్దు. కూలి మనుషుల పత్రాలతో బోగస్ కంపెనీలు పెట్టడం ఎంత పెరిగిందంటే 2023 మే 16 నుంచి జూలై 15 దాకా దేశమంతటా దొంగ నమోదుల మీద ప్రత్యేక తనిఖీ జరపాల్సి వచ్చింది. "నంబరు నేను తీసి పెడతా, కాగితాలు ఇయ్యి" అనేవాడు ఎవరి పేరు మీద ఏం నడుపుతాడో మనకు తెలియదు.

సంఘాలు ఏం చేయాలి?

ముందు మన ఇల్లు సర్దుకుందాం. బడి చదువు, వైద్యం జీఎస్టీ మినహాయింపు ఉన్న సేవలు. వాటిని నడిపే సంస్థలకు క్రెడిట్ రాదు. అంటే మన బడి పదివేల పోస్టర్‌ను నంబరు ఉన్న మనిషి దగ్గర చేయించుకుంటే 11,800 పూర్తిగా బడి ఖర్చే. నంబరు లేని మన ఊరి పిల్ల దగ్గర చేయించుకుంటే 10,000. అయినా కొటేషన్ ఫారంలో "జీఎస్టీ తప్పనిసరి" అని అచ్చు వేసి పెట్టాం. ఎవరు పెట్టారో, ఎందుకు పెట్టారో అడిగేవారు లేరు. ఆ గీత కొట్టేయమని మా మొదటి విన్నపం. సంఘ పెద్దలు, కరెస్పాండెంట్లు, ఆసుపత్రి నిర్వాహకులు ఈ ఏడాదే ఆ ఫారం మార్చాలి. బిల్లు డబ్బు 30 రోజుల్లో ఇవ్వాలి. సేవ పేరుతో పోస్టర్లు ఊరికే చేయించుకునే అలవాటు కూడా మానాలి.

ప్రభుత్వాన్ని అడగాల్సిందీ ఉంది. సరుకు అమ్మేవారి హద్దు 2019లో 40 లక్షలైంది. సేవ చేసేవారిది 2017లో పెట్టిన 20 లక్షల దగ్గరే ఆగింది. గోదాము ఉన్నవారికి 40, రెండు చేతులే పెట్టుబడి అయినవారికి 20. ఈ తేడాకు న్యాయం ఏమిటి? బ్రిటన్‌లో వ్యాట్ హద్దు 2024 ఏప్రిల్ 1న 85,000 పౌన్ల నుంచి 90,000కు పెరిగింది. అక్కడ సరుకుకూ సేవకూ ఒకటే హద్దు. మన పార్లమెంటు సభ్యులను, జీఎస్టీ కౌన్సిల్‌లో కూర్చునే రాష్ట్ర మంత్రులను ఈ ప్రశ్న అడగాలి.

యువతీ యువకులకు మా చివరి మాట. "నంబరు తెచ్చుకో" అని ఎవరైనా అంటే భయపడవద్దు, కోపపడవద్దు. మూడు ప్రశ్నలు అడగండి. పన్ను రేటుకు పైన ఇస్తారా? రాసి ఇస్తారా? డబ్బు ఎన్ని రోజుల్లో ఇస్తారు? మూడింటికీ సరైన జవాబు వస్తే కూర్చొని లెక్క వేసుకోండి. రాకపోతే వారు అడుగుతున్నది మీ నంబరు కాదు, మీ రేటులో కోత. పైన వేసిన పదివేల లెక్క ఒక కాగితం మీద రాసి ఆ ప్రెస్సు మేనేజరు ముందు పెట్టండి. ఒంటరిగా పోవడానికి జంకు అయితే నలుగురు కలిసి వెళ్లండి. పెట్టెలు అంటించిన మన అవ్వలకు లెక్క అడిగే వీలు లేకపోయింది. మీకు ఉంది, అడగండి.